సంతకం పెట్టాం కదా, మరి చట్టం ఎందుకు కాలేదు?

ప్రశ్న: సర్ నమస్తే. కస్టడీలో చిత్రహింసల మీద ప్రత్యేక చట్టం కావాలని ఎంపీలకి ఇవ్వడానికి మా చిన్న గ్రూప్ ఒక వినతిపత్రం తయారు చేస్తోంది. అందులో మా ఫ్రెండ్ ఒకడు "ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద భారత్ 1997లోనే సంతకం పెట్టింది, కాబట్టి అది ఇప్పటికే మన చట్టం, అమలు చెయ్యాల్సిందే" అని రాశాడు. తెలిసిన రిటైర్డ్ లాయర్ గారికి చూపిస్తే నవ్వేసి, ఆ సంతకానికి విలువ లేదు పొమ్మన్నారు. ఇంకోపక్క పేటెంట్లు, మనీ లాండరింగ్ లాంటి వాటికి మాత్రం "అంతర్జాతీయ బాధ్యత" అని చెప్పి చట్టాలు చకచకా మార్చేస్తారు. అక్కడ ఉన్న విలువ ఇక్కడ ఎందుకు లేదు? అసలు మన చట్టాలు రాసేది పార్లమెంటా, బయటివాళ్లా? మా వినతిపత్రంలో ఏం రాయమంటారు?

సమాధానం:

మీ ఫ్రెండ్ రాసింది తప్పు. లాయర్ గారు చెప్పింది సగమే కరెక్టు. మీరు అడిగిన ప్రశ్న, అక్కడ ఉన్న విలువ ఇక్కడ ఎందుకు లేదు అన్నది మాత్రం చాలా మంచి ప్రశ్న, లా చదివినవాళ్లు కూడా దాన్ని సూటిగా అడగరు. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి, చివర్లో వినతిపత్రం సంగతికి వస్తాను.

ముందు సంతకం సంగతి. ఇల్లు కొనేటప్పుడు అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుంటాం కదా, అంతమాత్రాన ఇల్లు మనది అయిపోదు, రిజిస్ట్రేషన్ అయ్యాకే అవుతుంది. అలాగని అగ్రిమెంట్ చిత్తుకాగితం కూడా కాదు, అది రాసుకున్నాక అమ్మేవాడు వెళ్లి ఆ ఇంటి గోడలు పడగొడితే ఊరుకోం. ట్రీటీ, అంటే దేశాల మధ్య ఒప్పందం, కూడా దాదాపు అంతే. సంతకం అంటే "ఇందులోకి రావాలని మాకు ఉద్దేశం ఉంది" అని, తర్వాత ధ్రువీకరణ, అంటే రాటిఫికేషన్, చేస్తేనే ఆ దేశం పూర్తిగా కట్టుబడుతుంది. సంతకానికీ ధ్రువీకరణకీ మధ్యలో ఆ ఒప్పందం అసలు ఉద్దేశాన్నే దెబ్బతీసే పనులు చెయ్యకూడదని 1969 నాటి వియన్నా కన్వెన్షన్ 18వ ఆర్టికల్ చెప్తుంది. (తమాషా ఏంటంటే ట్రీటీలకే ట్రీటీ లాంటి ఆ వియన్నా కన్వెన్షన్‌లో భారత్ సభ్యదేశం కాదు, కానీ అందులోని చాలా రూల్స్ ఆచారంగా అందరికీ వర్తిస్తాయి కాబట్టి మన కోర్టులు కూడా వాడుతూనే ఉంటాయి.) మీరు చెప్పిన ఒప్పందం మీద మనం 1997 అక్టోబర్ 14న సంతకం పెట్టాం, ధ్రువీకరణ మాత్రం చెయ్యలేదు. 2010లో ఒక బిల్లు లోక్‌సభలో పాసైంది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పంపింది, కమిటీ రిపోర్టు కూడా ఇచ్చింది, ఆ తర్వాత లోక్‌సభ గడువు అయిపోయి బిల్లు మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ రిపోర్టులో ధ్రువీకరించండి, ఇదిగో డ్రాఫ్ట్ బిల్లు అని రాసిచ్చింది. 2019లో సుప్రీంకోర్టుకి వెళ్తే, ఫలానా చట్టం చెయ్యమని పార్లమెంట్‌ని మేం ఆదేశించలేం అని కోర్టు తేల్చేసింది. అంటే మీ ఫ్రెండ్ రాసిన "ఇప్పటికే మన చట్టం" అన్న మాట చదవగానే ఏ ఎంపీ సెక్రటరీ అయినా పేజీ తిప్పేస్తాడు.

ఇంకో విషయం, ధ్రువీకరణ అయిపోయినా మన దగ్గర అది చట్టం కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ట్రీటీ చేసుకునేది కేంద్ర ప్రభుత్వం, దానికి పార్లమెంట్ ఓటు కూడా అక్కర్లేదు, కానీ ఆ ట్రీటీ వల్ల ఇక్కడి మనుషుల హక్కులో, ఉన్న చట్టమో మారాలంటే పార్లమెంట్ చట్టం చెయ్యాలి, అందుకే రాజ్యాంగంలో 253వ ఆర్టికల్ పెట్టారు. ట్యాక్స్ ఒప్పందాల్లో కూడా ఇదే కథ, 2023 అక్టోబర్‌లో నెస్లే కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ట్రీటీలో "ఇంకో దేశానికి తక్కువ రేటు ఇస్తే మాకూ ఇవ్వాలి" అనే క్లాజు ఉన్నా సరే, 1961 ఆదాయపు పన్ను చట్టం 90వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇస్తేనే అది ఇక్కడ పనిచేస్తుంది, దానంతటది పనిచెయ్యదు అని. పెద్ద పెద్ద కంపెనీల లాయర్లు వాదించినా అంతే.

అన్ని దేశాల్లో ఇలా ఉండదు. నెదర్లాండ్స్‌లో రాజ్యాంగం 94వ ఆర్టికల్ ప్రకారం మనుషులకి నేరుగా వర్తించే ట్రీటీ నిబంధనకి దేశీయ చట్టం అడ్డొస్తే చట్టాన్నే పక్కన పెడతారు, అదే రాజ్యాంగం 120వ ఆర్టికల్ మాత్రం పార్లమెంట్ చేసిన చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అని కోర్టులు చూడకూడదంటుంది! అంటే డచ్ జడ్జి తన సొంత రాజ్యాంగం పేరు చెప్పి చట్టాన్ని ఆపలేడు, యూరప్ మానవ హక్కుల ఒప్పందం పేరు చెప్పి ఆపగలడు. అమెరికా ఇంకో రకం, ట్రీటీ దేశ అత్యున్నత చట్టంలో భాగం అని రాజ్యాంగంలోనే ఉంది, సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, అయినా 2008లో, టెక్సాస్‌లో మరణశిక్ష పడ్డ మెక్సికో మనిషి మెడెయిన్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు, ఇది దానంతటది అమలయ్యే రకం ట్రీటీ కాదు, కాంగ్రెస్ చట్టం చెయ్యలేదు, కాబట్టి అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు అయినా టెక్సాస్ మీద నడవదు అనేసింది. పేపర్ మీద పెద్ద తలుపు ఉన్నట్టే ఉంటుంది, తాళం మాత్రం లోపలే ఉంటుంది.

మరి లాయర్ గారిది సగమే కరెక్టు అని ఎందుకన్నానంటే, మన కోర్టులు పక్క తలుపు ఒకటి తెరిచి ఉంచాయి. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసు, బ్యాంకు బాకీ కట్టలేని మనిషిని సివిల్ జైల్లో పెట్టొచ్చా అని. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 11వ ఆర్టికల్ అప్పు తీర్చలేకపోయినందుకు మాత్రమే జైల్లో పెట్టొద్దంటుంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఒడంబడిక దానంతటది మన చట్టం కాదు అని ఒప్పుకుంటూనే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్‌ని దాని వెలుగులో చదివి, డబ్బుండి ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు అని తేల్చారు. 1997లో విశాఖ కేసు అయితే ఇంకా ముందుకెళ్లింది, పని చేసే చోట లైంగిక వేధింపుల మీద చట్టమే లేదు, మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని మనం 1993లో ధ్రువీకరించాం, దాన్ని ఆధారం చేసుకుని సుప్రీంకోర్టే మార్గదర్శకాలు రాసి, చట్టం వచ్చేదాకా ఇదే చట్టం అంది. పార్లమెంట్ ఆ చట్టం చేసేసరికి 2013 వచ్చింది. పదహారేళ్ల పాటు ఉద్యోగం చేసే ఆడవాళ్లకి దిక్కయింది ఒక ట్రీటీని పట్టుకుని కోర్టు రాసిన కొన్ని పేజీలే, మరి దానికి విలువ లేదని ఎలా అంటాం.

సరే, ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పేటెంట్ల దగ్గర ఇంత వేగం ఎందుకొచ్చింది? ఆ కథ కొంచెం వివరంగా చెప్తాను ఎందుకంటే మీకు కావాల్సిన జవాబంతా అందులోనే ఉంది.

మన 1970 పేటెంట్ చట్టంలో మందులకి ప్రొడక్ట్ పేటెంట్ లేదు, తయారు చేసే పద్ధతికి మాత్రమే ఇచ్చేవాళ్లు. ఒకే మందుని వేరే పద్ధతిలో తయారు చేసుకోవచ్చు, మన ఫార్మా రంగం పెరిగింది ఆ చట్టం నీడలోనే. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది, దాంతో పాటే పేటెంట్ల లాంటి మేధో సంపత్తి హక్కుల మీద ట్రిప్స్ ఒప్పందం. అందులో మనలాంటి దేశాలకి ప్రొడక్ట్ పేటెంట్ పెట్టడానికి 2005 దాకా గడువిచ్చారు, కానీ ఒక మెలిక పెట్టారు, ఈలోపు వచ్చే అప్లికేషన్లు తీసుకుని, ఏ రోజు వచ్చాయో గుర్తు పెట్టుకుని దాచి ఉంచాలి. మెయిల్‌బాక్స్ అనేవాళ్లు దీన్ని. దానికోసం ప్రభుత్వం 1994 డిసెంబర్ 31న, అంటే గడువుకి ఒక్క రోజు ముందు, ఆర్డినెన్స్ తెచ్చింది. ఆర్డినెన్స్ 1995 మార్చిలో మురిగిపోయింది. బిల్లు పెట్టారు, లోక్‌సభ దాటింది, రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, 1996లో లోక్‌సభ రద్దయి అదీ పోయింది. గమనించారా, మీ చిత్రహింసల బిల్లుకి జరిగిందీ అచ్చం ఇదే! ఇక్కడి దాకా రెండింటి జాతకం ఒక్కటే.

తేడా ఇక్కడి నుంచి మొదలు. పేటెంట్ విషయంలో అమెరికా వెళ్లి ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర కేసు వేసింది. మన ప్రభుత్వం ఏం చెప్పిందంటే, చట్టం లేకపోతేనేం, అప్లికేషన్లు తీసుకుంటూ ఉండమని పేటెంట్ ఆఫీసులకి లోపల్లోపల సూచనలిచ్చాం, తీసుకుంటున్నాం కూడా అని. 1997 డిసెంబర్‌లో ఆ సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ అది సరిపోదు అంది, మీ చట్టంలోనేమో వచ్చిన అప్లికేషన్‌ని పరీక్షకి పంపాలి, తిరస్కరించాలి అని ఉంది, దానికి విరుద్ధంగా ఆఫీసు సూచనలు నిలబడతాయని గ్యారంటీ ఏంటి అని అడిగింది. ఇక తప్పక 1999లో చట్టం సవరించారు, అదీ 1995 జనవరి 1 నుంచి వర్తించేలా. 2002లో ఇంకో సవరణ, 2004 డిసెంబర్‌లో ఇంకో ఆర్డినెన్స్, 2005లో చట్టం. మాట నిలబెట్టుకోకపోతే ఎదుటి దేశం మన ఎగుమతుల మీద సుంకాలు పెంచి కసి తీర్చుకునే హక్కు ఆ వ్యవస్థలో ఉంది, అందుకే కదిలారు. చిత్రహింసల ఒప్పందంలో అలాంటి దెబ్బ ఏదీ లేదు, పైగా మనం ధ్రువీకరించనే లేదు కాబట్టి కేసు వేసేవాడూ లేడు.

అలాగని పేటెంట్ చట్టం బయటివాళ్లు రాశారా? ఇక్కడే ఇంకో మలుపు ఉంది. 2005 చట్టం చేసేటప్పుడు పార్లమెంట్‌లో గట్టిగా చర్చ జరిగి 3(డి) సెక్షన్‌ని బిగించారు, పాత మందుకే చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ అడిగితే, అది జబ్బు మీద గణనీయంగా ఎక్కువ పనిచేస్తుందని చూపిస్తేనే ఇస్తాం అని. ట్రిప్స్‌లో "కొత్తది, కనిపెట్టినది, పనికొచ్చేది" అని ఉంది కానీ ఎంత కొత్తగా ఉంటే కొత్త అని కొలత రాయలేదు, ఆ ఖాళీలో మనవాళ్లు తమ కొలత రాసుకున్నారు. నోవార్టిస్ అనే మందుల కంపెనీ దీన్ని ట్రిప్స్‌కి విరుద్ధం అని మద్రాస్ హైకోర్టులో సవాలు చేస్తే 2007లో కోర్టు, ఒప్పందానికి విరుద్ధమో కాదో తేల్చే చోటు ఇది కాదు అంది, తర్వాత గ్లివెక్ మందు పేటెంట్ కేసు 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో కంపెనీ ఓడిపోయింది. విత్తనాల మీద కూడా అంతే, ట్రిప్స్ "మొక్కల రకాలకి పేటెంట్ ఇవ్వండి, లేదా మీదైన సమర్థమైన సొంత పద్ధతి పెట్టుకోండి" అంది, చాలా దేశాలు మొక్కల రకాల రక్షణకి రెడీమేడ్‌గా ఉన్న యుపోవ్ అనే ఒప్పందంలో చేరిపోతే మనం 2001లో మన సొంత చట్టం చేసుకుని, రక్షణ ఉన్న రకమైనా సరే రైతు విత్తనం దాచుకోవచ్చు, తిరిగి వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవచ్చు అని రాసుకున్నాం.

కాబట్టి మంత్రులెవరైనా "ఏం చేస్తాం, అంతర్జాతీయ ఒప్పందం, మా చేతులు కట్టేశారు" అంటే నేను వెంటనే అడిగేది ఒకటే, ఏ ఆర్టికల్, ఏ లైను? చాలాసార్లు ఆ లైను తెరిచి చూస్తే "తగిన చర్యలు తీసుకోవాలి", "దేశీయ చట్టానికి లోబడి", "వీలైనంత మేరకు" అని ఉంటుంది, చేతులకి కట్టిన తాడు చాలా వదులుగా ఉంటుంది. ట్రీటీలో వచ్చే రిజర్వేషన్ అనే మాట కూడా గుర్తు పెట్టుకోండి, ఇది మన ఉద్యోగాల రిజర్వేషన్ కాదు, "ఒప్పందం ఒప్పుకుంటున్నాం కానీ ఈ క్లాజు మాత్రం మాకు వర్తించదు" అని చేరేటప్పుడే రాసిచ్చేది. ఇందాకటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 1979లో చేరినప్పుడు, అక్రమంగా అరెస్టయినవాళ్లకి నష్టపరిహారం అనే క్లాజు మీద మన ప్రభుత్వం అలాంటిదే ఒకటి పెట్టింది, మా న్యాయవ్యవస్థలో అలాంటి హక్కు లేదు అని. తీరా కస్టడీ మరణాల మీద వచ్చిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, మేమే నష్టపరిహారం ఇప్పిస్తున్నాం కాబట్టి ఆ అభ్యంతరానికి ఇప్పుడు విలువ లేదు పొమ్మంది. మీ టాపిక్‌కి నేరుగా సంబంధించిన కేసు అది, తప్పకుండా చదవండి.

మనీ లాండరింగ్ సంగతి ఇంకా విచిత్రం. మనీ లాండరింగ్‌ని అరికట్టడానికి దేశాలు కలిసి పెట్టుకున్న ఎఫ్ఏటీఎఫ్ అనే సంస్థ 40 సిఫార్సులు ఇస్తుంది, అవి ట్రీటీ కావు, ధ్రువీకరణ అవసరమే లేదు, పేరులోనే సిఫార్సు అని ఉంది. కానీ వాటిని పాటించకపోతే గ్రే లిస్టులో, అంటే నిఘా పెట్టాల్సిన దేశాల జాబితాలో, పెడతారు, అప్పుడు బయటి బ్యాంకులు ఆ దేశంతో లావాదేవీలంటే వెనకాముందూ ఆడతాయి. పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబర్ దాకా ఆ లిస్టులో ఉంది, 2020 సెప్టెంబర్‌లో ఉభయసభల సమావేశం పెట్టి మరీ ఎఫ్ఏటీఎఫ్ కోరిన బిల్లులు పాస్ చేసుకుంది. సంతకమే లేని కాగితం చట్టాన్ని అంత వేగంగా కదిపింది, సంతకం పెట్టిన కాగితమేమో దశాబ్దాలుగా కదలట్లేదు. కాగితం బలం కాదు, కాగితం వెనకాల ఏం పోతుంది అన్నదే చూస్తారు. నాకు ఇది నచ్చిందా అంటే నచ్చలేదు, కానీ మీరు ఎంపీల దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నా.

"మన చట్టాలు రాసేది బయటివాళ్లా" అన్నారు కదా, నిజంగా బయట రాసిన చట్టం లోపల నేరుగా నడవడం అంటే ఏంటో చూడాలంటే యూరప్ వెళ్లాలి. అక్కడ దేశాలు కొన్ని అధికారాలని ఉమ్మడి సంస్థకే, అంటే ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కే, అప్పజెప్పాయి. 1960లో ఒక డచ్ కంపెనీ జర్మనీ నుంచి రసాయనం దిగుమతి చేసుకుంటే సుంకం 3 శాతం బదులు 8 శాతం వేశారు, ట్రీటీలో సుంకాలు పెంచకూడదని ఉంది కదా అని కంపెనీ కోర్టుకెళ్లింది. అది దేశాల మధ్య ఒప్పందం, మధ్యలో నువ్వెవరు అని ప్రభుత్వాల వాదన. కాదు, ఇది పౌరులకి కూడా నేరుగా హక్కులిచ్చే కొత్త రకం చట్టవ్యవస్థ అని 1963లో యూరప్ కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఇటలీలో ఒకాయన 2000 లీరాలు కూడా లేని కరెంటు బిల్లు కట్టనని మొండికేస్తే, ఆ కేసులో దేశీయ చట్టం కంటే ఉమ్మడి చట్టమే పైది అన్న సూత్రం పుట్టింది. అంత చిన్న కరెంటు బిల్లు మీద అంత పెద్ద సూత్రం!

అక్కడ రెండు రకాలు, రెగ్యులేషన్ అంటే నేరుగా అన్ని దేశాల్లో చట్టమే, 2018 మే 25 నుంచి నడుస్తున్న డేటా రక్షణ రెగ్యులేషన్ లాంటిది. డైరెక్టివ్ అంటే ఫలితం మాత్రం చెప్తారు, చట్టం ఎవరిది వాళ్లు రాసుకోవాలి. రాసుకోకపోతే? కంపెనీ దివాలా తీస్తే కార్మికుల జీతాలకి గ్యారంటీ ఉండాలన్న డైరెక్టివ్‌ని ఇటలీ పట్టించుకోలేదు, జీతం రాని కార్మికులు కోర్టుకెళ్తే 1991లో ఫ్రాంకోవిచ్ తీర్పు వచ్చింది, చట్టం చెయ్యనందుకు జరిగిన నష్టానికి ప్రభుత్వమే డబ్బు కట్టాలి అని. చట్టం చెయ్యకపోవడం కూడా తప్పే, దానికి బిల్లు కట్టాలి అన్నారన్నమాట! మీ ఫ్రెండ్ ఊహించుకున్న లోకం ఏదైనా ఉందంటే అది ఇదే, కానీ అది యూరప్‌ది, మనకి లేదు. అక్కడ కూడా అందరూ తలొంచుకుని ఉన్నారనుకోకండి, జర్మనీ రాజ్యాంగ కోర్టు 2020 మే 5న యూరప్ కోర్టు తీర్పునే పరిధి దాటింది అనేసింది, బ్రిటన్ అయితే మొత్తానికే బయటికొచ్చేసింది, వచ్చాక చూసుకుంటే తీసెయ్యలేనన్ని యూరప్ చట్టాలు తన చట్టాల్లో కలిసిపోయి ఉన్నాయి, 2023లో చట్టం చేసి దాదాపు 600 మాత్రం ఒక్కసారిగా తీసేసి మిగతావి చాలావరకు ఉంచుకుంది.

దెబ్బ భయం లేకుండా ట్రీటీ ఎప్పుడూ పనిచెయ్యదా అంటే చేస్తుంది, దానికి ఆస్ట్రేలియాలోని టాస్మానియా మంచి ఉదాహరణ. ఆ రాష్ట్రం ఒక నది మీద డ్యామ్ కడతానంటే, 1983లో ప్రపంచ వారసత్వ ఒప్పందం చూపించి కేంద్రం చట్టం చేసి ఆపింది, మామూలుగా అయితే అది కేంద్రం చేతిలో లేని విషయం, హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత కోర్టు) నలుగురు ముగ్గురు తేడాతో కేంద్రానికే ఓటేసింది. (మన 253వ ఆర్టికల్ కూడా ఇదే పని చేస్తుంది, ట్రీటీ ఉంటే రాష్ట్రాల జాబితాలోని విషయం మీద కూడా కేంద్రం చట్టం చెయ్యొచ్చు, రాష్ట్రాల్ని అడక్కుండానే. నన్నడిగితే ఇది జనం పెద్దగా మాట్లాడుకోని పెద్ద విషయం.) కొన్నేళ్లకి అదే టాస్మానియాలో మగవాళ్ల స్వలింగ సంబంధాన్ని నేరంగా పెట్టిన చట్టం మీద ఒక పౌరుడు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేశాడు, 1994లో కమిటీ అతని వైపు చెప్పింది. ఆ కమిటీ మాట వినకపోతే సుంకాలు లేవు, గ్రే లిస్టు లేదు, ఏమీ లేదు. అయినా కేంద్రం అదే ఏడాది చట్టం చేసింది, రాష్ట్రం 1997లో పాత చట్టాన్ని తీసేసింది. ఎందుకు పనిచేసింది? లోపల అప్పటికే దానికోసం ఏళ్లుగా గట్టిగా పోరాడుతున్న మనుషులున్నారు, బయటి మాట వాళ్ల చేతికి కర్రలా దొరికింది.

ఇక మీ వినతిపత్రం. "సంతకం పెట్టాం కాబట్టి చట్టమే" అన్న లైను కొట్టెయ్యండి. దాని బదులు మనం ధ్రువీకరించిన దాన్ని పట్టుకోండి, అదే పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక, దాని 7వ ఆర్టికల్ చిత్రహింసల్ని సూటిగా నిషేధిస్తుంది, 1979 నుంచి మనం అందులో ఉన్నాం. పైగా 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 2వ సెక్షన్‌లో మానవ హక్కులంటే ఏంటో చెప్పేచోట ఆ ఒడంబడికనే చూపించారు, అంటే పార్లమెంటే దాని పేరుని మన చట్టంలోకి తెచ్చి పెట్టింది. 1997 సంతకాన్ని వదిలెయ్యమని కాదు, రెండో వాదనగా వాడండి.

తర్వాత, ఏం పోతోందో చూపించండి. 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసు నిందితుణ్ణి మనకి అప్పగించడానికి డెన్మార్క్ కోర్టు 2011లో ఒప్పుకోలేదు, ఇక్కడ చిత్రహింసల ప్రమాదం ఉందని చెప్పి, మన ప్రభుత్వం హామీలిచ్చినా సరే. ఇది మానవ హక్కుల మీద పెద్దగా ఆసక్తి లేని ఎంపీకి కూడా చురుక్కుమనే విషయం, నిందితుల్ని వెనక్కి తెచ్చుకోవాలంటే ఈ చట్టం కావాలి అని రాయండి. లా కమిషన్ రిపోర్టులో కూడా ఈ అప్పగింతల ఇబ్బంది ప్రస్తావన ఉంది, ఆ పేజీలు జత చెయ్యండి.

ఉన్న చట్టాలు చాలు కదా అంటారు, తప్పకుండా అంటారు. నేరం ఒప్పించడానికి గాయపరిస్తే శిక్ష అన్నది పాత శిక్షాస్మృతి 330, 331 సెక్షన్లలో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్‌లో ఉంది. అది గాయం చుట్టూ తిరిగే సెక్షన్, ఒప్పందంలో ఇచ్చిన నిర్వచనం మానసిక హింసని కూడా కలుపుతుంది, అధికారి చేసినా, అధికారి చూస్తూ ఊరుకున్నా కలుపుతుంది. ఆ రెండింటినీ పక్కపక్కన ఒక పేజీలో పెట్టి తేడా చూపించండి, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంకొకటి, చిన్నదే కానీ మర్చిపోవద్దు. మీరు డ్రాఫ్ట్ బిల్లు కూడా జత చేస్తుంటే పీఠికలో "ఫలానా ఒప్పందాన్ని అమలు చెయ్యడానికి" అన్న ముక్క ఉండేలా చూడండి. 1986 పర్యావరణ చట్టం పీఠికలో 1972 స్టాక్‌హోం సదస్సు ఉంది, 2016 వికలాంగుల హక్కుల చట్టం పీఠికలో ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది. ఆ ముక్క ఉంటే రేపు ఏదైనా సెక్షన్‌లో సందేహం వచ్చినప్పుడు జడ్జి ఒప్పందం తెరిచి చూడటానికి మీరే దారి వేసినట్టు. డ్రాఫ్ట్ రాసేవాళ్లు దీన్ని అలంకారం అనుకుని తీసేస్తామంటారు, తియ్యనివ్వకండి.

వినతిపత్రం మూడు పేజీలు దాటనివ్వకండి. ఆ లాయర్ గారికి మళ్లీ ఒకసారి చూపించండి, ఈసారి నవ్వకుండా చదివితే అప్పుడు ప్రింట్ తీయించండి.